గాలికి ఆగే బరువు

తునికిగూడెం
9 జూన్ 2025

దాదా,

ముందు దాదీకి సలాం, ఆ తర్వాతే నీకు. ఈ వరుస నువ్వు నేర్పిందే.

ఫోన్ చేయొచ్చు కదా అని అడగొద్దు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే గుట్ట దిగి రోడ్డు మలుపు దాకా పోవాలి. పోయినా నీ చెవులతో ఫోన్లో ఏం మాట్లాడతాం? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రేకు మీద సుత్తి కొట్టి చెవులు పోగొట్టుకున్నావు. అందుకే రాస్తున్నాను. ఉత్తరం ఖమ్మం బస్సు డ్రైవర్ చేతికిస్తున్నాను. బస్టాండు ఎదురుగా ట్రంకు పెట్టెల దుకాణం అంటే ఆయనకు తెలుసట.

నర్సు ఉద్యోగం బాగుంది. సబ్‌సెంటర్ అంటే ఒక గది, ఒక వరండా, నన్ను చూసినా లేచి పోని ఒక మేక. వారానికోసారి గుట్ట మీది తండాకు పోవాలి. ఊరు దాటితే రోడ్డు లేదు, అడవిలో కాలిబాటే. రాళ్ల ఎక్కుడు, ఆ తర్వాత వాగు, వాగు దాటాక మళ్లీ ఎక్కుడు. నువ్వు కొనిచ్చిన గేరు సైకిల్ మట్టి మీద బాగానే పోతుంది. రాళ్ల దగ్గరా, వాగు దగ్గరా దాన్ని భుజానికెత్తుకోవాలి. అక్కడే చస్తున్నాను. వాగు దగ్గర వదిలేసి నడుద్దామంటే తండా ఇంకా చాలా దూరం, చీకటి పడేలోగా తిరిగి రాలేను.

తండాలో బాలి అని ఒకామె ఉంది. ఏడో నెల. బీపీ ఎక్కువ. వారం వారం చూడాలి. వానలు ముదిరితే వాగు నిండుతుంది, అప్పుడు ఈ సైకిల్‌తో దాటలేను.

దాదా, ఉన్న మాట చెబుతున్నాను. సైకిల్ కన్నా దాని మీద నువ్వు చేసిన పనే బరువు. ఇనుప క్యారియర్, దాని మీద ట్రంకు పెట్టె, రెండు కాళ్ల స్టాండు, మందం రేకు మడ్‌గార్డులు. వీటిలో ఏవి విప్పొచ్చో, ఏవి వెల్డింగ్ చేశావో రాయి. ఇంకొకటి, సీటు కిందికి దిగడం లేదు. దిగుడు బాటలో సీటు కిందికి ఉంటేనే బ్యాలెన్స్ ఆగుతుంది. లోపల ఏదో అడ్డం పడుతోంది. నీకేమైనా తెలుసా?

నీ మనవరాలు,
సాదియా


ఖమ్మం
15 జూన్

నర్సమ్మ గారికి, ట్రంకు పెట్టెల మున్వర్ చేతులు కట్టుకొని రాసేది.

డ్రైవర్ ఉత్తరం తెచ్చిచ్చిండు. చాయ్ పోయించిన. బిస్కెట్లు గూడ పెట్టిన, గందుకే ఇగ ముందు జల్దీ తెస్తడు. మీ దాదీ నా చేతులకెల్లి ఉత్తరం గుంజుకొని ముందుగాల వాసన చూసింది. పొగ వాసనొస్తుంది, పిల్ల కట్టెల పొయ్యి మీద వండుకుంటుందని కండ్లల్ల నీళ్లు పెట్టుకుంది. నేను చదివి వినిపిచ్చిన. నాలుగో తరగతి దాక చదివినోన్ని గదా, మధ్యల మధ్యల నా సొంతం గూడ కలిపిన. దాదీ చేతి ఖట్టా పులుసు లేక పిల్ల బక్కచిక్కిందని రాసినవన్న. ఏడుపు ఆపి నవ్వింది. నువ్వు ఎప్పుడన్న వస్తే గట్లనే రాసినవని చెప్పు, నా పరువు తియ్యకు.

ఇగ సైకిల్ సంగతి. బేటీ, మన దుకాణంల పెట్టె కొనేటోడు ఏం జేస్తడో చిన్నప్పటి సంది చూసినవ్. మూల పట్టి లేపుతడు. చెయ్యి గుంజితే అప్పుడు ధర అడుగుతడు. ఉత్తగనే లేస్తే మొఖం తిప్పుకొని పోతడు. బరువున్నదే నిలవడ్తది. మా అబ్బా నాకు చెప్పిన పనితనం గదే. నీ సైకిల్‌కు గూడ గట్లనే చేసిన. నీకు బరువైతుందంటే రెండు రొట్టెలు ఎక్కువ తిను.

సీటు దించాలంటవ్. దించకు. ఎత్తుల కూసుంటేనే నర్సమ్మ వస్తుందని దూరంకెల్లి తెలుస్తది. కోడిపెట్ట తీరుగ కిందికి కూసుంటే సూది వెయ్యనీకి నీకు ఎవరు ఇస్తరు చెయ్యి?

దీంతోటి ఒక గొలుసు, తాళం, ఒక హారన్ పంపిస్తున్న. హారన్ లారీది, నొక్కితే పేగులు కదుల్తయ్. అడివిల దొంగలెవరుంటరు దాదా అంటవ్. ఎలుగుబంటి గూడ సైకిల్ నేర్చుకోవాలనుకోవచ్చు గదా.

బాలిని మంచిగ చూడు. చెప్పులు లేకుంట వాగుల దిగకు.

మీ దాదీ ఎదురుంగ ఉంటే రాయలేని మాటలు శాన ఉన్నయ్, అవన్ని మిగిలినయనుకో.
మున్వర్


తునికిగూడెం
28 జూన్

దాదా,

హారన్ ఒక్కసారి నొక్కాను. తండా కుక్కలన్నీ ఒకేసారి మొరిగాయి. బాలి భర్త గోప్యా నవ్వి నవ్వి కింద కూర్చున్నాడు. "మేడం, గిది నొక్కితే మా బాలికి ఇక్కడనే కాన్పు అయితది, దవాఖానా అక్కర్లే" అన్నాడు.

నీ మాట వినలేదు, కోపం తెచ్చుకోకు. భద్రాచలంలో సైకిల్ షాపతనికి చూపించాను. అతను చుట్టూ తిరిగి చూసి, "ఇది సైకిలా, బీరువానా అక్కా?" అన్నాడు. ముందు చక్రాల దగ్గర మొదలుపెట్టాడు. తిరిగే చోట బరువు తగ్గితే కాళ్లకు ముందు తెలుస్తుందట. మందం టైర్లు తీసి మట్టిని పట్టే గాడులున్న తేలిక టైర్లు వేశాడు. లోపల ముల్లు దిగకుండా నువ్వు పరిచిన రబ్బరు పట్టీలు తీసేశాడు. ఇనుప పెడళ్లు పోయాయి, స్ప్రింగుల సీటు పోయింది. స్టాండు, మడ్‌గార్డులు, క్యారియర్ నేనే పానాతో విప్పాను. వెనక మడ్‌గార్డు రానంటే గోప్యా రాయితో కొట్టాడు, కొంచెం వంగింది.

పెట్టె కూడా విప్పాను. మందులు ఇప్పుడు వీపు సంచిలో పెట్టుకుంటున్నాను. బరువు ఒంటి మీద ఉంటే రాళ్ల మీద సైకిల్ మాట వింటుంది.

విప్పినవన్నీ గోనె సంచిలో కట్టి బస్సు పార్సిల్లో పంపిస్తున్నాను. ఇనుము పారేస్తే నువ్వు ఒప్పుకోవని తెలుసు.

ఇంత తీసినా అనుకున్నంత తేలిక కాలేదు. ఎందుకో తెలియడం లేదు. సీటు ఇంకా దిగడం లేదు.

బాలి కాళ్లకు వాపు వచ్చింది. భద్రాచలం దవాఖానాకు పోదాం రమ్మంటే నాట్లు అయ్యాక వస్తానంటుంది. "నేను పోతే నారు ఎవరు పీకుతరు, నువ్వు పీకుతవా?" అని అడిగింది.

సాదియా


ఖమ్మం
3 జూలై

బేటీ,

ఈ ఉత్తరంల నవ్వులాట లేదు. దాదీ పక్కన కూసుని ఉంది. కలిపి రాయొద్దని చెప్పింది.

గోనె సంచి ముందొచ్చింది. నీ ఉత్తరం వెనకొచ్చింది.

పార్సిల్ ఆఫీసు పిలగాడు సంచి తెచ్చి దుకాణం ముందల పడేసి పోయిండు. నేను రేకు కోస్తున్న. దాదీ విప్పింది. వంగిన మడ్‌గార్డు తీసింది. స్టాండు తీసింది. తర్వాత పెట్టె తీసింది, మూత మీద నేను సుత్తెతో కొట్టిన నీ పేరు. అది చేతుల పట్టుకొని అట్లనే నిలవడ్డది. పిలిచిందంట నన్ను. నాకు వినవడలే. భుజం పట్టి ఊపితే తల లేపిన.

మీ అబ్బా ఖాలిద్ స్కూటర్ గూడ గట్లనే వచ్చింది. నువ్వు అప్పుడు హాస్టల్ల ఉన్నవ్, నీకు తెల్వది. ఖాలిద్ అశ్వారావుపేట రోడ్డు మీద పడ్డడు. పానం పోయిన మనిషిని మేం పోయి తెచ్చుకున్నం. స్కూటర్ ముక్కలు మాత్రం తర్వాత గోనె సంచిల కట్టి బస్సులేసిన్రు. దుకాణం ముందల అదే జాగల దించిన్రు.

నీ ఫోన్ కలవలే. ఎట్ల కలుస్తది. నేను చెప్పుల్ల కాళ్లు పెట్టుకొని బస్టాండుకు పోయిన, భద్రాచలం బస్సెక్కిన. దాదీ నేను గూడ వస్తనని దుకాణం తెరిచిపెట్టే వచ్చింది. కొత్తగూడెం దాటినంక పెద్ద వాన, బస్సు ఆగింది. ఎదురుంగొచ్చే బస్సు గూడ ఆగింది. అందుల మన బిస్కెట్ల డ్రైవర్. నన్ను చూసి కిటికీలకెల్లి చెయ్యి ఊపిండు. చేతుల నీ ఉత్తరం.

బస్సులోపలే చదివిన. ఒక్క మాట కలపలే. దాదీ ఇనుకుంట ఇనుకుంట, బీరువా అన్న మాట కాడ నా దండచెయ్యి మీద కొట్టింది.

తిరిగొచ్చినం. దుకాణంల ఏం పోలే. దొంగోడొచ్చినా మూల పట్టి లేపి చూసి, బరువుంది మనకెందుకని పోయుంటడు. చూసినవా, ఒక్కటి కలిపిన.

నీ పెట్టె నేను పాత సామాన్లల్ల పడెయ్యలే. ఎదురుంగ పెట్టుకున్న. వద్దనుకున్నది నువ్వు, పెట్టె కాదు. నా పని నీకు సిగ్గైతే ముందే చెప్పాల్సింది.

మున్వర్


తునికిగూడెం
12 జూలై

దాదా గారికి,

గోనె సంచి విషయంలో తప్పు నాదే. ఉత్తరం సంచిలోనే పెట్టాల్సింది. దాదీ పాదాల మీద తల పెట్టి చెబుతున్నానని చెప్పండి. అబ్బా స్కూటర్ అలా వచ్చిందని నాకు ఎవరూ చెప్పలేదు.

మీ పని నాకు సిగ్గు కాదు. హాస్టల్లో మీరు చేసిన పెట్టెలోనే పుస్తకాలు పెట్టుకుని చదివాను.

కానీ ఇప్పుడు నేను అడిగేదానికి మీరు జవాబు చెప్పాలి.

పోయిన వారం వాన పడింది. వాగు మోకాళ్లు దాటింది. సైకిల్ భుజానికెత్తుకుని దిగాను. మధ్యలో నీళ్ల లాగుడుకు ఆగలేకపోయాను. సైకిల్ వదిలేస్తే కొట్టుకుపోతుంది, పట్టుకుంటే నేను పడిపోతాను. వెనక్కి వచ్చేశాను. ఆ వారం బాలిని చూడలేదు. వాగు తగ్గాక గోప్యా నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "మేడం, నీకోసం అరుగు మీదనే కూసుంది, లోపలికి రమ్మంటే రాలే. మొఖం గూడ ఉబ్బింది" అన్నాడు. అతని వెంటే పోయి చూశాను, నాట్లు కాకుండా కదలనంది.

గోప్యానే సీటు సంగతి చూస్తానన్నాడు. సీటు గొట్టం పూర్తిగా బయటికి లాగి, సైకిల్ తలకిందులుగా పట్టుకుని ఊపాడు. ఏమీ రాలేదు. తీగ కొక్కెం చేసి లోపలికి దించితే గుడ్డ తగిలింది. లాగాడు. గుడ్డతో పాటు ఇనుప రాడ్డు వచ్చింది. నిండు గొట్టమంత లావుంది. చప్పుడు రాకుండా చుట్టి, అడుగుదాకా దిగగొట్టారు. అది మీ చేతి పని అని చూడగానే తెలిసింది.

బరువు తగ్గించమని నేను అడిగినప్పుడు మీకు తెలుసు. సీటు ఎందుకు దిగదని అడిగినప్పుడూ తెలుసు. కోడిపెట్ట అని నవ్వించారు. నేను వాగు దాటలేక ఉద్యోగం మానేసి ఇంటికి రావాలనేనా ఇదంతా? అయితే ఆ మాట ముఖం మీద చెప్పండి. ఇక్కడ ఒక మనిషి ప్రాణం ఉంది.

రాడ్డు ఈ డ్రైవర్‌తోనే పంపిస్తున్నాను. ఈసారి ఉత్తరం దానికే కట్టాను. గుడ్డ పంపడం లేదు. ఉతికి ఆరేశాను. నీలం గీతలది.

సాదియా


ఖమ్మం
17 జూలై

సాదియా బేటీ,

దాదా గారు అని రాసినవ్, మీరు అని రాసినవ్. తిట్టినా గంత తగలకపోవు.

రాడ్డు నేనే పెట్టిన. నువ్వు ఉద్యోగం మానాలని కాదు. మీ దాదీకి గూడ తెల్వదు. ఇప్పుడు తెలిసింది, నాకు అన్నం పెట్టి తను పక్కకు తిరిగి కూసుంది.

మీ అబ్బా పడ్డ కాడికి నేను పోయిన గదా. అప్పటికే మనిషిని దవాఖానాకు తీస్కపోయిన్రు. రోడ్డు పక్కన పామాయిల్ తోట, స్కూటర్ పడి ఉంది. లారీ తగల్నే లేదంట. పక్కకెల్లి పోయిందంట, గంతే. అక్కడున్న మనిషి ఒకడు నాతోటి అన్నడు, బండి తేలికది తాతా, లారీ గాలికే పోయింది. మంచిగనే చెప్పిండు పాపం. నేను నీళ్లు అడిగితే నీళ్లు గూడ ఇచ్చిండు.

ఆ మాట నాకు పోలే. చెవులు సరిగ వినవడని మనిషిని, ఆ ఒక్క మాట మంచిగ వినవడ్డది. స్కూటర్ కొన్నప్పుడు ఖాలిద్ నన్ను ఎక్కించుకొని తిప్పిండు. ఎంత తేలికగ పోతుందో చూడు అబ్బా అని ఒక్క చేత్తోని లేపి చూపించిండు. నేను గూడ మురిసిన.

నువ్వు అడివిల ఉద్యోగం అన్నప్పుడు వద్దనలే. వద్దంటే ఆగుతవా, మీ దాదీ పోలిక. సైకిల్ కొన్నంక రాత్రుళ్లు అదే ఆలోచన. పెట్టె పెట్టిన, స్టాండు పెట్టిన. ఇంకా లేపి చూస్తే లేస్తనే ఉంది. గందుకు రాడ్డు దిగ్గొట్టిన. మా పెట్టెల అడుగున గూడ ఇనుప పట్టీ వేస్తం, లారీల మీద జారకుంట. ఏ గాలికీ కదలదనుకున్న. అడివిల నువ్వే దాన్ని మోయాలని నాకు తట్టలే బేటీ. నేను రోడ్డు గురించే ఆలోచన చేసిన. వాగు గురించి చెయ్యలే.

గుడ్డ నువ్వు గుర్తువట్టినవ్. మీ అబ్బా చొక్కానే. ఎందుకు చుట్టినవని అడగలే నువ్వు. అడగకపోవుడే మంచిదైంది.

ఇగ విను. దీంతోటి ఒక పెట్టె వస్తుంది. అల్యూమినియం రేకు, పల్చటిది. నా జన్మల ముట్టలే గసుంటిది. ఇనుప సుత్తి ఆనిస్తే సొట్ట పడ్డది, గందుకు కట్టె సుత్తి చేయించుకున్న. దాంతోటి కొడ్తుంటే చప్పుడే లేదు. పని చేస్తుంటే మీ దాదీ లోపలికెల్లి నాతోటి కాదు, గోడతోటి అన్నట్టు అన్నది, వినవడ్డది. ఏమన్నదో తెల్సా, ఇంత పల్చటిది ఎవడు కొంటడు అన్నది.

బీపీ మిషను, మందులు పడ్తయ్. వాన దిగదు, మూత అంచుకు రబ్బరు వేసిన. వీపుకు కట్టుకోనీకి పట్టీలు దాదీ కుట్టింది, నాతోటి మాట్లాడకుంటనే. మూల పట్టి లేపి చూడు. నేను చూడలే, ధైర్యం రాలే.

సీటు మంచిగ దించుకో. కోడిపెట్ట తీరుగనే కూసో. బాలి కాడికి పో.

నీ దాదా
గారు కాదు


భద్రాచలం
4 ఆగస్టు

దాదా,

దవాఖానా వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నీ పెట్టె వచ్చిన వారమే వానలు పట్టుకున్నాయి. తెరపిచ్చిన పూట చూసి బయలుదేరాను. వాగు మళ్లీ మోకాళ్లు దాటి ఉంది. సైకిల్ భుజానికెత్తుకున్నాను. లేచింది. నీళ్లు లాగాయి, కాళ్లు ఆగాయి. అవతలి ఒడ్డుకు ఎక్కి సైకిల్ దించాను. నీకు చెప్పాలనిపించింది.

బాలి అరుగు మీద లేదు. లోపల పడుకుని ఉంది. తలనొప్పి అంది. "మేడం, నువ్వు మసక మసక కనవడ్తున్నవ్" అంది. బీపీ చూశాను, మరీ ఎక్కువైంది. ఇక ఆగితే ఫిట్స్ వస్తాయి. నా దగ్గరున్న మందు ఇచ్చాను. గోప్యాతో మంచానికి తాళ్లు కట్టమన్నాను. తండా మగవాళ్లంతా వచ్చారు. మంచం మోసుకుని దిగాలంటే చాలాసేపు పడుతుంది. వాళ్లు దిగేలోగా నేను రోడ్డు మలుపు చేరి అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

సీటు అడుగుదాకా దించాను. ఆ దిగుడు అంతకుముందెప్పుడూ సైకిల్ మీద దిగలేదు, నడిపించుకునే వచ్చేదాన్ని. రాళ్ల మీద చక్రాలు ఎగిరాయి, నేలకు దిగాయి, మాట విన్నాయి. గాలి ముఖానికి కొట్టింది దాదా. పడలేదు. అబ్బా చొక్కా గుడ్డ హ్యాండిల్‌కు చుట్టుకున్నాను, చేతులు జారలేదు.

వాగు మళ్లీ సైకిల్ ఎత్తుకునే దాటి మలుపు చేరాను. ఫోన్ కలిసింది. మళ్లీ వెనక్కి వాగు దగ్గరికి పోయేసరికి మంచం వచ్చింది. నీళ్లు నడుము దాకా పెరిగాయి. నలుగురు మంచం తలల మీదికెత్తుకుని దాటించారు.

అంబులెన్స్‌లో ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి పాపను తీశారు. బాలి చాలాసేపు కళ్లు తెరవలేదు. ఇప్పుడు తెరిచింది. చూపు ఇంకా సరిగా ఆనడం లేదు, మెల్లగా వస్తుందని డాక్టరమ్మ చెబుతున్నారు. పాపను బుగ్గ దగ్గర పెడితే తడిమి తడిమి చూసింది. "నారు పీకిన్రా?" అని అడిగింది. గోప్యా బయటికి పోయి గోడ పట్టుకుని ఏడ్చాడు.

పాప బరువు రెండు కేజీలు కూడా లేదు. తక్కెడకు గుడ్డ ఉయ్యాల వేసి తూచాను, ముల్లు కొంచెమే కదిలింది. ఇంటికి పోవాలంటే బరువు పెరగాలి. అందరం ఆ ముల్లు వైపే చూస్తున్నాం.

నిన్ను మీరు అన్నందుకు నువ్వు నన్ను ఏమన్నా అను.

నీ సాదియా


ఖమ్మం
10 ఆగస్టు

బేటీ,

నీ ఉత్తరం దాదీకి చదివిన. ఏం కలపలే. దిగుడు కాడ గాలి అని రాసినవ్ చూడు, ఆడ నేను ఆగిన. దాదీ, చదువు, ఆమె పడలే అన్నది. అప్పుడు చదివిన.

ఆమె నాతోటి మాట్లాడుతుంది ఇప్పుడు. మాట్లాడుడు మొదలువెట్టినంక, మాట్లాడనప్పుడే పానం సుఖంగుండె అనిపిస్తుంది. ఇది ఆమెకు చదివి వినిపియ్యను.

గోప్యాకు చెప్పు, దాదా సలాం అన్నడని. నా రాడ్డు గుంజిన మొగోడు. ఖమ్మం వస్తే చాయ్ పోస్త. బాలికి చూపు వచ్చినంక రాయి. రాకముందు గూడ రాయి.

పాపకు దాదీ టోపీ అల్లింది, రెండు. ఒకటి ఇప్పటి తలకు, ఒకటి పెరిగే తలకు. పంపిస్తున్నం. నన్ను గూడ ఏమన్న చెయ్యమన్నది. పాలడబ్బాలు పెట్టుకోనీకి చిన్న పెట్టె చేస్తున్న, కట్టె సుత్తితోనే. సైకిల్ తేలిక కావాలని నెలల సంది నా పానం తీసిన పిల్లవి, ఇప్పుడు బరువు పెరగాలని కూసున్నవ్. ముల్లు కదిలినప్పుడల్లా ఉత్తరం రాయి. కొంచెమైనా రాయి. నేను లేపి చూసినట్టే అనుకుంట.

రాడ్డు సంగతి అడుగుతవేమో. పాత ఇనుములో వేద్దామని చేతులకు తీసుకున్న, మనసు రాలే. దుకాణం తలుపు ఒక రెక్క గాలికి కొట్టుకుంటది, ఎరుకేనా నీకు. ఖాలిద్ ఉన్నప్పుడు రోజూ దానికి ఇటుక అడ్డం పెట్టేటోడు. ఇప్పుడు ఆడ రాడ్డు పెట్టిన.

పొద్దున సంది గాలి వస్తనే ఉంది. తలుపు తెరుచుకొనే ఉంది.

మున్వర్